నూట అరవై లీటర్ల గ్లాస్గో

చలపతికి చేపలంటే పెద్ద ప్రేమేమీ లేదు. పులుసులో తప్ప వాటితో అతనికి పరిచయం లేదు. ఆ పరిచయం కూడా పెళ్ళయ్యాక తెనాలి అత్తగారి చలవ వల్ల కలిగిందే. ప్రొద్దుటూరులో పుట్టినవాడికి నీళ్ళే అపురూపం, ఇంక నీళ్ళలో చేపలెక్కడివి? అలాంటివాడు లండన్ శివారు స్టాన్‌మోర్‌లో ఇల్లు కొన్న రెండో ఏడు, హాల్లో టీవీ ఉండాల్సిన చోట నూట ఎనభై లీటర్ల గాజుతొట్టి పెట్టించాడంటే కారణం ఒక్కటే. గ్లాస్గోలో రఘువీర్ పెట్టాడు.

రఘువీర్, చలపతి అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళు ఒకే రూములో పడుకున్నవాళ్ళు. అప్పట్నుంచీ చలపతికి ఇదో జబ్బు. రఘువీర్ జావా నేర్చుకుంటే తనూ నేర్చుకున్నాడు. రఘువీర్ మారథాన్ పరిగెడితే తను బూట్లు కొన్నాడు. బూట్ల దగ్గరే ఆగిపోయాడనుకోండి, అది వేరే సంగతి. 2015 శీతాకాలంలో రఘువీర్ కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పెట్టాడు. తొట్టినిండా పచ్చని మొక్కలు, అడుగున పరుపు పరిచినట్టు నాచు, మధ్యలో ఎర్రచారల బుల్లి చేపలు గుంపుగా పోతున్నాయి. ముప్పైమంది బొటనవేళ్ళు ఎత్తారు. చలపతి ఎత్తలేదు. ఆ శనివారమే వెళ్ళి తొట్టి కొనుక్కొచ్చాడు.

చేపలు బాగానే బతికాయి. చిక్కంతా మొక్కలతోనే. నెల తిరక్కుండా ఆకులకు చిల్లులు పడ్డాయి, అంచులు పసుపెక్కాయి, గాజుకు పాచి పట్టింది. చలపతి యుద్ధం ప్రకటించాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే లుంగీ మోకాళ్ళపైకి కట్టి, రెండు బకెట్లు, ఒక రబ్బరు గొట్టం ముందేసుకుని కూర్చునేవాడు. గొట్టం ఒక కొన తొట్టిలో ముంచి, రెండో కొన నోట్లో పెట్టి గట్టిగా పీల్చేవాడు. నీళ్ళు రాగానే బకెట్లోకి వదలాలి. వదిలేలోపు గుక్కెడు గొంతు దిగేది. ఆ గుక్కెడు నీళ్ళలో ఏముందో తలచుకుని మధ్యాహ్నం దాకా కాండ్రించి ఉమ్మేవాడు. తర్వాత మొక్కలన్నీ ఒక్కొక్కటే పీకి, వేళ్ళు వచ్చాయో లేదో చూసి, మళ్ళీ గుచ్చేవాడు. వెలుగు చాలదేమోనని లైటు పద్నాలుగు గంటలు వేసి ఉంచేవాడు. మర్నాటికి పాచి ఇంకొంచెం పెరిగేది.

చేపల అంగడి కీత్ మొదటినుంచీ ఒకటే మాట చెప్తున్నాడు. అరవై దాటిన మనిషి, చెవిలో వెంట్రుకలు, చేతిలో ఎప్పుడూ టీ కప్పు.

"వదిలెయ్ మిత్రమా. నువ్వు వాటి జోలికి పోకు. అవే పెరుగుతాయి."

ఉచితంగా వచ్చిన సలహాకు చలపతి ఎన్నడూ విలువ ఇవ్వలేదు. పైగా ఏమీ చెయ్యవద్దని చెప్పే సలహా. ఏమీ చెయ్యకుండా ఉండటానికి మనిషి లండన్ దాకా రావాలా?

చివరికి తప్పెవరిదో అతనే కనిపెట్టాడు. నీళ్ళది.

"కెటిల్ జూడు మనూ," అన్నాడు భార్యతో. "లోపల సున్నం గొట్టినట్టుండాది. ఈ సున్నపునీళ్ళు తాగి మొక్క యాడ బతుకుతాది?"

మనస్విని హై స్ట్రీట్‌లో మందులషాపులో ఫార్మసిస్టు. రోజంతా జనానికి మాత్రలు ఎలా వేసుకోవాలో చెప్పి, వాళ్ళు అలా వేసుకోకుండా మళ్ళీ వస్తే మళ్ళీ చెప్పే ఉద్యోగం. ఓపిక ఎక్కువ, మాట తక్కువ.

"మనమూ అవే తాగుతున్నాంగా. బతికే ఉన్నాం," అంది.

"రఘుగాడికి ఫోన్ జేసి కనుక్కున్యా. గ్లాస్గోలో కొళాయి తిప్పితే కొండల్లో చెరువు నీళ్ళొస్తాయంట. సున్నమే ఉండదంట. కెటిల్ కొని ఐదేండ్లయినా అద్దం మాదిరుందంట. అదీ వాని రహస్యం."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికొకడు."

చలపతి ఆ సామెతను విననట్టే నటించాడు. కానీ ఆ ఆగస్టు చివర బ్యాంక్ హాలిడేకి రఘువీర్ కూతురి పుట్టినరోజుకు గ్లాస్గో బయల్దేరినప్పుడు కారు డిక్కీలో ఎనిమిది ప్లాస్టిక్ క్యాన్లు ఉన్నాయి. ఒక్కోటి ఇరవై లీటర్లది. ఖాళీవి. సూట్‌కేసులకు చోటు లేక ఒకటి మనస్విని కాళ్ళ దగ్గర, ఒకటి వాళ్ళ పన్నెండేళ్ళ కూతురు లాస్య ఒళ్ళో ప్రయాణం చేశాయి.

"డాడ్, దిస్ ఈజ్ ఎంబరాసింగ్," అంది లాస్య, వాట్‌ఫర్డ్ దాటకుండానే.

రఘువీర్ ఇంట్లో తొట్టి ఫోటోలో కంటే బాగుంది. చలపతి చెప్పులు విప్పటం కూడా మర్చిపోయి దాని ముందు నిలబడ్డాడు. ఒక్క ఆకుకు చిల్లు లేదు. గాజు మీద మచ్చ లేదు.

"ఏం జేస్తావురా?" అన్నాడు.

"ఏముందిరా, నీళ్ళు మారుస్తా. అంతే," అన్నాడు రఘువీర్, చిన్నగా నవ్వుతూ. ఆ నవ్వుకు చలపతికి నాలుగేళ్ళ హాస్టల్ గుర్తొచ్చింది.

సోమవారం పొద్దున, అందరూ ఇడ్లీల దగ్గర ఉండగా చలపతి పైన బాత్‌రూములో తలుపు మూసుకున్నాడు. అరగంటయినా నీళ్ళ చప్పుడు ఆగకపోతే రఘువీర్ భార్య ప్రవల్లిక వెళ్ళి తలుపు తట్టింది. కరీంనగర్ పిల్ల, మనసులో ఉన్నది నోట్లో ఆగదు.

"అన్నా, మంచిగనే ఉన్నవా? కడుపు గిట్ల ఖరాబైందా?"

తలుపు తెరుచుకుంది. చలపతి మోకాళ్ళదాకా తడిసి నిలబడి ఉన్నాడు. బాత్‌టబ్బులో ఆరు క్యాన్లు వరసగా, మూతలు బిగించి ఉన్నాయి. ఏడోది షవర్ కింద నిండుతోంది.

"నీళ్ళు పట్టుకుంటాండామ్మా," అన్నాడు.

ప్రవల్లిక క్యాన్లను చూసింది, అతన్ని చూసింది. "లండన్ల నీళ్ళు బందయినయా అన్నా?" అని అడిగింది. అతను విషయం చెప్పాడు. ఆమె ఏదో అనబోయి, కింద మెట్ల దగ్గర నిలబడ్డ మొగుడి మొహం చూసి నోరు మూసుకుంది. ప్రవల్లిక మాట మింగటం చాలా అరుదైన విషయమని చలపతికి అప్పుడు తట్టలేదు.

కారు వెనకభాగం కుక్క కూర్చున్నట్టు కూర్చుంది. ప్రెస్టన్ దాటాక పోలీసు కారు నీలం లైట్లు వెంటపడ్డాయి. చలపతి పక్కకు ఆపాడు. పోలీసాయన ఎత్తుగా, మర్యాదగా ఉన్నాడు. డిక్కీ తెరవమన్నాడు.

"వీటిలో ఏముంది సర్?"

"నీళ్ళు."

"ఎలాంటి నీళ్ళు?"

"కొళాయి నీళ్ళు."

"ఎక్కడివి?"

"గ్లాస్గోవి."

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"లండన్."

పోలీసాయన ఒక క్యాను మూత తీయించి వాసన చూశాడు. ఇంకోటి తీయించి చూశాడు. ఆ ఉద్యోగంలో చేరాక అతనికి ఏ వాసనా రాకపోవటం అదే మొదటిసారేమో, మూడోదీ తీయించాడు. ఆ తర్వాత ముందు కిటికీ దగ్గరికొచ్చి మనస్వినిని అడిగాడు.

"మేడమ్, మీరు క్షేమంగానే ఉన్నారా? మీ ఇష్టంతోనే ఈ కారులో ఉన్నారా?"

"ఇష్టమని చెప్పలేను గానీ, క్షేమమే," అంది మనస్విని. "ఇవి మొక్కల కోసం. చేపలతొట్టిలో మొక్కలు."

అతని మొహం విచ్చుకుంది. "ముందే చెప్పకూడదూ! మా బావకీ ఉంది ఆ తొట్టి," అన్నాడు. "ఇప్పుడు ఒంటరిగా ఉంటున్నాడు." బరువు తగ్గించుకుని నెమ్మదిగా పొమ్మని చెప్పి వెళ్ళిపోయాడు. చలపతి బరువు తగ్గించలేదు, దారిలో మోటార్‌వే సర్వీసెస్ దగ్గర ఆగి ఒక సూట్‌కేసును మాత్రం వెనకనుంచి ముందుకు మార్చాడు. వెనక సీట్లో లాస్య హుడీ మొహం మీదికి లాక్కుని పడుకుంది. స్టాన్‌మోర్ వచ్చేదాకా ఆ హుడీ లేవలేదు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఆరయింది. తాపీగా వారానికి కాస్త చొప్పున మార్చాల్సిన నీళ్ళు. చలపతికి అంత తాపీ ఎక్కడిది? తొట్టిలో నీళ్ళు ముప్పావుకు పైగా తోడి, తెచ్చిన నూట అరవై లీటర్లలో పట్టినన్ని ఆ పూటే పోసేశాడు. చేపలు ఒక మూలకు చేరి కదలకుండా నిలబడ్డాయి. బిత్తరపోయాయని మనస్విని అంది, మైమరచిపోయాయని చలపతి అన్నాడు.

మంగళవారానికి రెండు చేపలు వెల్లకిలా తేలాయి. బుధవారానికి మొక్కలు కరగటం మొదలెట్టాయి. కరగటమంటే నిజంగా కరగటమే. క్రిప్ట్ అనే మొక్కలు ఒక వరసగా ఉండేవి, అన్నింట్లోకీ కాస్త నయంగా ఉన్నవి అవే. వాటి ఆకులు వేలితో ముట్టుకుంటే గంజిలా జారిపోతున్నాయి. తొట్టి వాసన కొట్టింది. ఇంటినుంచి పనిచేస్తానని ఆఫీసుకు చెప్పిన చలపతి, లంచ్ టైములో చొక్కా విప్పి, స్టూలెక్కి, చెయ్యి భుజందాకా తొట్టిలో ముంచాడు. కుళ్ళినవన్నీ వేళ్ళతో సహా పీకెయ్యాలని అతని ఉద్దేశం. మొదటి మొక్కను పట్టుకుని లాగాడు. అది రాలేదు. గట్టిగా లాగాడు.

నడుములో కటుక్కుమంది.

ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు. గడ్డం తొట్టి అంచుకు ఆనించి, చెయ్యి నీళ్ళలో ఉంచి అలాగే ఆగిపోయాడు. చేపలు మూలనుంచి బయటికొచ్చి అతని మోచేతి వెంట్రుకలు కొరికి చూశాయి.

"లాస్యా!" అని అరిచాడు. ఊపిరి పీలిస్తే నొప్పి, వదిలితే ఇంకా నొప్పి.

సెలవుల్లో ఉన్న లాస్య మేడ దిగొచ్చి, చూసి, తల్లికి ఫోన్ చేసింది. "మమ్, డాడ్ ఈజ్ స్టక్ ఇన్ ద ఫిష్ ట్యాంక్." అవతలివైపు ప్రశ్న విని, "నో, నాట్ ఆల్ ఆఫ్ హిమ్," అంది.

మనస్విని షాపులో పనిని ఇంకొకరికి అప్పజెప్పి ఐదు నిమిషాల్లో వచ్చింది. నొప్పి తగ్గే మాత్ర నీళ్ళు లేకుండానే మింగించి, చంకలో భుజం పెట్టి, అంగుళం అంగుళం కిందికి దించింది. కార్పెట్ మీద వెల్లకిలా పడుకోబెట్టాక చలపతి కళ్ళు తెరిచాడు. చేతిలో ఇంకా ఒక ఆకు ఉంది.

జీపీ డాక్టరు పరీక్ష చేసి, డిస్కు జారిందన్నాడు. "కొంచెం కొంచెం నడవండి. వంగకండి. బరువెత్తకండి. ఆరు వారాలు." ఇంతకూ ఏం బరువులెత్తారని అడిగాడు. చలపతి చెప్పాడు. జీపీ కంప్యూటర్లో టైప్ చేస్తూ చేస్తూ ఆగి, "ఎక్కడి నీళ్ళు?" అని మళ్ళీ అడిగాడు.

మంచం మెత్తదనానికి నడుము ఒప్పుకోలేదు. హాల్లో నేలమీద చాప, దాని మీద బొంత, చలపతి మకాం అక్కడ. సరిగ్గా తొట్టి ఎదురుగా. నాలుగోరోజు ప్రవల్లిక పరామర్శకు ఫోన్ చేసింది. మనస్విని చేతుల్నిండా పిండి ఉండి స్పీకర్లో పెట్టింది.

"అన్న నడుము పోయిన కాంచి నాకు నిద్ర పడ్తలేదక్కా. పాపం తగుల్తదని చెప్తున్న. మా ఆయన తొట్టిల ఒక్క మొక్క గూడ రెండు నెలలు బతకలేదు. పాతయి పారేసి కొత్తయి తెప్పిస్తడు. పెట్టిన దినమే ఫోటో తీస్తడు. మీరొస్తున్నరని శుక్రవారం నాడే పార్శిల్ వచ్చింది. ఇప్పుడు చూస్తే నీకు ఏడుపొస్తది. తువ్వాల కప్పి పెట్టిండు."

వంటింట్లోంచి మనస్విని చలపతి వంక చూసింది. చలపతి పైకప్పు వంక చూశాడు. నవ్వితే నడుము పీకుతుంది. అయినా ఆగలేదు. నవ్వు, మూలుగు కలిసి గాడిద ఓండ్రలా బయటికొచ్చింది.

"ఎవరక్కా అది?" అంది ప్రవల్లిక.

"మీ అన్నయ్యే. కోలుకుంటున్నారు."

నవ్వయిపోయాక మాత్రం చలపతికి దిగులు పట్టుకుంది. రఘువీర్ మీద కోపం రాలేదు. వాడు అబద్ధాలకోరని హాస్టల్లోనే తెలుసు. పదిహేనేళ్ళుగా ఒక అబద్ధాలకోరు వెంట పరిగెత్తింది మాత్రం తనే కదా. తొట్టి ఇచ్చేద్దామన్నాడు. ఊరికే ఇస్తానన్నా ఎవరూ తీసుకోరన్నాడు.

"ఇస్తే ఇద్దాం. ముందు ఉన్న చేపల్ని చావనివ్వకూడదుగా," అంది మనస్విని. ఆ శనివారం షాపు కట్టేశాక కీత్ దగ్గరికి వెళ్ళింది. కీత్ అదే చెప్పాడు. కదపకు. లైటు ఆరు గంటలు చాలు. వారానికి ఐదోవంతు నీళ్ళు మార్చు, కొళాయివే, క్లోరిన్ పోయే మందు రెండు చుక్కలు వేసి, తొట్టిలో వెచ్చదనానికి సరిపడా. వేళ్ళ దగ్గర ఎరువు మాత్ర ఒకటి గుచ్చు. క్రిప్ట్‌కు నీళ్ళు ఉన్నట్టుండి మారితే ఆకులు రాల్చుకుంటుంది, దాని స్వభావమే అంత. వేరు బతికే ఉంటుంది. పీకకపోతే చిగురేస్తుంది.

"అంతేనా?" అంది మనస్విని.

"అంతే. కానీ ఇరవయ్యేళ్ళలో నా మాట విన్నవాళ్ళు నలుగురు లేరు."

మనస్వినికి ఆ మనిషి మీద ఒక్కసారిగా అభిమానం పుట్టుకొచ్చింది. యాంటీబయాటిక్ కోర్సు పూర్తి చెయ్యండమ్మా అని రోజూ గోడకు చెప్పినట్టు చెప్పే మనిషి కదా ఆమె కూడా. కాగితం తీసి అంతా రాసుకుంది.

ఆమె చేసింది చూస్తే చలపతికి ఒళ్ళు మండేది. ముసలివాళ్ళు వారం మాత్రలు పెట్టుకునే ఏడు గదుల డబ్బా ఒకటి షాపునుంచి తెచ్చి, గదికి చిటికెడు చొప్పున చేపల తిండి వేసి పెట్టింది. ఆ రోజు గది ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. లైటుకు టైమర్ బిగించింది. ఎరువు నీళ్ళు సిరంజితో కొలిచి వేసేది. ఆదివారం ఒక బకెట్ తీసి ఒక బకెట్ పోసేది. గొట్టాన్ని నోటితో పీల్చలేదు. కీత్ దగ్గర దానికో చేతిపంపు ఉందట, ఇరవయ్యేళ్ళుగా అమ్ముతున్నాడట. పది నిమిషాల్లో పని ముగించి టీ తాగేది.

"ఆ రాయి కొంచెం ఎడమకు జరుపు," అనేవాడు చలపతి కిందినుంచి.

"జరపను."

"ఆ మొక్క వేరు వచ్చిందో లేదో ఒక్కసారి లాగి..."

"లాగను."

ఒకరోజు మనస్విని షాపులో ఉండగా లాస్యకు ఐస్‌క్రీమ్ ఆశ చూపించాడు. చెయ్యి పెట్టి ఒక్క మొక్క కదిపితే చాలు. లాస్య ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "మమ్ ఆఫర్డ్ మి టూ ఐస్‌క్రీమ్స్," అంది, "నాట్ టు టచ్ ఇట్."

చెయ్యటానికేమీ లేక చలపతి చూడటం మొదలెట్టాడు. ఎనిమిది నెలలుగా ఆ తొట్టి ముందు కూర్చున్నవాడే, కానీ ఒక్క నిమిషం ఉత్తినే చూసింది లేదు. చేపల్లో ఒకదానికి తోక చివర చిన్న నొక్కు ఉందని తెలిసింది. అది తక్కినవాటిని తరుముతుంది, తరిమి తరిమి తనే అలిసిపోతుంది. దానికి రఘువీర్ అని పేరు పెట్టాడు. రెండు రోజులు పోయాక ఆలోచించి, మార్చి చలపతి అని పెట్టాడు.

మూడోవారం శుక్రవారం, మధ్యాహ్నం, అతను పక్కకు ఒత్తిగిల్లి ఉన్నాడు. కళ్ళు సరిగ్గా తొట్టి అడుగుకు సమానంగా ఉన్నాయి. నిలబడ్డవాళ్ళకు కనబడని చోటు అది. కుళ్ళి మాయమైన క్రిప్ట్ మొదట్లో, ఇసకలోంచి, గోధుమరంగు మొన ఒకటి పైకొచ్చింది. వడ్లగింజంత ఉంది. కొన మెలి తిరిగి ఉంది.

"మనూ! మనూ!"

మందులషాపుకు లంచ్ విరామంలో ఇంటికొచ్చి అన్నం తింటున్న మనస్విని ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చింది, రెండో డిస్కు కూడా జారిందనుకుని. చలపతి వేలు చూపించాడు. ఆమె కనబడక, చీర కుచ్చిళ్ళు కాదు గానీ ప్యాంటు మోకాళ్ళు సర్దుకుని అతని పక్కనే నేలమీద పడుకుంది. ఇద్దరూ చెంపలు కార్పెట్‌కు ఆనించి చూశారు.

"వచ్చిందే!" అంది.

చలపతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నొప్పి మందులు కాస్త మనసును మెత్తబరుస్తాయని మనస్వినికి తెలుసు. కానీ ఆ మాట అనలేదు. ఎంగిలి చెయ్యి దూరంగా పెట్టి, రెండో చెయ్యి అతని భుజమ్మీద వేసింది.

"ఇన్నాళ్ళూ దీన్ని నేనే సంపుతాంటినే," అన్నాడతను.

"అవును," అంది ఆమె. అబద్ధం చెప్పటం ఆమెకు అలవాటు లేదు.

క్రిస్మస్‌కు తొట్టిలో అవతలి గోడ కనబడటం మానేసింది. మొక్కలు పిల్లలు పెట్టాయి. ఎక్కువైనవాటిని మనస్విని తడి పేపర్లో చుట్టి కీత్‌కిస్తే, అతను బదులుగా చేపలిచ్చేవాడు. చలపతి నడుము కుదురుకుంది. కుదురుకున్నా తొట్టి మాత్రం తిరిగి అతని చేతికి రాలేదు. కత్తెర అందించటం, టవల్ పట్టుకోవటం అతని పనులు. ఒకసారి పొరపాటున ఒక కొమ్మ కత్తిరించి, మధ్యాహ్నమంతా దొంగలా తిరిగాడు.

ఏప్రిల్లో కీత్ వాళ్ళ చేపల క్లబ్బులో మాట్లాడటానికి మనస్వినిని పిలిచాడు. చర్చి పక్కన చిన్న హాలు, మడత కుర్చీలు, పెద్ద గిన్నెలో టీ, ప్లేటులో బిస్కెట్లు. పద్నాలుగు మంది పెద్దమనుషులు, అందరికీ దాదాపు ఒకే స్వెట్టరు. చలపతి డ్రైవరుగా వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. మనస్విని పది నిమిషాలు మాట్లాడింది. లైటు, నీళ్ళు, ఎరువు మాత్ర. కాగితం చూడకుండా, మందు చీటీ చదివినంత స్పష్టంగా.

ముందు వరసలోని పెద్దాయన చెయ్యెత్తాడు. "ఇవన్నీ మేమూ చేస్తున్నామమ్మా. మా మొక్కలెందుకలా పెరగవు? మీ అసలు కిటుకేమిటి?"

మనస్విని చివరి వరస వంక చూసింది.

"ముందుగా, మీ ఇంట్లో మగవాడి నడుము విరగాలి," అంది.

హాలు ఘొల్లుమంది. కీత్ టీ స్వెట్టరు మీద ఒలకబోసుకున్నాడు. చలపతి ఒక క్షణం ఆలస్యంగా నవ్వాడు గానీ, అందరికంటే చివరిదాకా నవ్వింది అతనే. పక్కన కూర్చున్న ముసలాయన అతని మోకాలి మీద తట్టి, రహస్యంగా వంగాడు.

"ఆ నడుము నీదేనా?"

"నాదే."

"ఏ డిస్కు?"

"నాలుగు, ఐదు మధ్యది."

"నాదీ అదే!" అన్నాడు ముసలాయన, తమ్ముడు దొరికినంత సంబరంగా. "నాది ఫిల్టరు ఎత్తబోయి పోయింది. నీది?"

చలపతి కుర్చీ అతని వైపు తిప్పుకుని, మొదట్నుంచీ చెప్పటం మొదలెట్టాడు.